స్టేషన్ కాడ ఉన్న అంటే ‘యాట్ ద స్టేషన్’: ప్రిపోజిషన్స్ మన మాటల్లోంచే నేర్చుకుందాం

చాలా రోజుల నుంచి మీరు అడుగుతున్న టాపిక్ ఇవాళ తీసుకున్నా. “అన్నా, ఇన్ ఎప్పుడు, ఆన్ ఎప్పుడు, యాట్ ఎప్పుడు? ఒక్కసారి చెప్పన్నా, బుర్ర ఖరాబైతాంది” అని. అవే, ప్రిపోజిషన్స్. పేరు పెద్దది గానీ మాటలు చూస్తే పిల్ల మాటలు: ఇన్, ఆన్, యాట్, టు, ఫర్, ఫ్రమ్, విత్, బై.

యూట్యూబ్‌లో “100 ప్రిపోజిషన్స్, 10 నిమిషాల్లో” అని లిస్టులు బోలెడు దొరుకుతాయి. మనం ఏం చేస్తాం? స్క్రీన్‌షాట్ తీసుకుంటాం, గ్యాలరీలో పడేస్తాం, ఫోన్ స్టోరేజ్ ఫుల్ అయినప్పుడు డిలీట్ చేస్తాం. అందుకే ఇవాళ నేను లిస్టు ఇవ్వను. ఒక్క మాట చెప్తా, దాన్ని పట్టుకుని మిగతాది మీరే లాగొచ్చు. ఆ మాట ఏంటంటే: ఇంగ్లీష్ వాళ్ళు ఈ చిన్న మాటలతో చూపించే తేడాల్లో చాలావరకు మన తెలుగులో ముందే ఉన్నాయి. పుస్తకం తెలుగు కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగు. మనం వాటిని గమనించలేదు, అంతే.

ముందు అసలు ప్రిపోజిషన్ ఏం పని చేస్తుందో చూద్దాం. దీనికి మా ఊరి పేరే చాలు. మాది స్టేషన్ ఘన్‌పూర్. పాత వరంగల్ జిల్లా, 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు జనగామ జిల్లాలోకి వచ్చింది. పాత వరంగల్ జిల్లాలోనే ములుగు వైపు ఇంకో ఘన్‌పూర్ ఉంది. దాన్ని ఘన్‌పూర్ ములుగు అంటారు. మాది రైల్వే స్టేషన్ ఉన్న ఘన్‌పూర్ కాబట్టి స్టేషన్ ఘన్‌పూర్.

ఇప్పుడు చూడండి. ‘ఘన్‌పూర్ స్టేషన్’ అంటే ఏంటి? ఘన్‌పూర్‌లో ఉన్న రైల్వే స్టేషన్. ‘స్టేషన్ ఘన్‌పూర్’ అంటే? స్టేషన్ ఉన్న ఘన్‌పూర్, అంటే ఊరు. రెండు మాటలూ అవే, వాటి మధ్య సంబంధం మారింది. ఇంగ్లీష్‌లో విడమరిచి చెప్తే మొదటిది ‘ద స్టేషన్ యాట్ ఘన్‌పూర్’, రెండోది ‘ద ఘన్‌పూర్ విత్ ఏ స్టేషన్’. ఆ ‘యాట్’, ఆ ‘విత్’ లేకపోతే ఏది ఊరో ఏది స్టేషనో కొత్తవాడికి తెలియదు. ప్రిపోజిషన్ పని ఇదే. రెండు మాటల మధ్య చుట్టరికం ఏంటో చెప్పడం.

మరి తెలుగులో ఈ పని ఎవరు చేస్తారు? స్కూల్లో చదివాం కదా, డు, ము, వు, లు అని మొదలుపెట్టి ఎనిమిది విభక్తులు బట్టీ పట్టాం. టీచర్ బెత్తం పట్టుకుని నిలబడితే గుక్కతిప్పుకోకుండా చెప్పేవాళ్ళం. అప్పుడు ఎందుకు చదువుతున్నామో తెలియదు. ఇంగ్లీష్ ప్రిపోజిషన్లకు మన దగ్గర ఉన్న చుట్టాలు అవే. కాకపోతే ఒక తేడా. ఇంగ్లీష్‌లో ఈ మాట పేరుకు ముందు వస్తుంది: ‘టు హైదరాబాద్’. మనకు వెనక అతుక్కుంటుంది: ‘హైదరాబాద్‌కి’. వాళ్ళది కొమ్ము, మనది తోక.

ఇది మన ఒక్కరి వింత కాదు. క్రియ వాక్యం చివర వచ్చే భాషలు చాలావరకు తోకనే పెట్టుకుంటాయి. హిందీ చూడండి, ‘ఘర్ మే’, ‘మేజ్ పర్’. జపనీస్, కొరియన్, టర్కిష్ కూడా అంతే. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే భాషా శాస్త్రవేత్త చాలా భాషలు పక్కపక్కన పెట్టి చూసి ఈ సంగతి చూపించాడు. కాబట్టి టోక్యో కుర్రాడికీ, సియోల్ అమ్మాయికీ, మనకూ ఇంగ్లీష్‌లో కష్టం దాదాపు ఒకే చోట వస్తుంది. “నాకు ఇంగ్లీష్ రాదు, నా బ్రెయిన్ అంతే” అని అనుకునేవాళ్ళు ముందు ఆ మాట పక్కన పెట్టండి.

సరే, పనిలోకి దిగుదాం. మొదట స్థలం. ఇన్, ఆన్, యాట్.

మా దగ్గర ఫోన్ చేసి “యాడున్నవ్ రా?” అంటే మూడు రకాల జవాబులు వస్తాయి. “ఇంట్ల ఉన్న.” “బిల్డింగ్ మీద ఉన్న.” “చౌరస్తా కాడ ఉన్న.” ఈ మూడే ఇన్, ఆన్, యాట్.

‘ఇంట్ల’ అంటే చుట్టూ గోడలున్నాయి, నేను లోపల ఉన్నా. ఇన్ ద హౌస్. ‘బిల్డింగ్ మీద’ అంటే ఒక పైభాగం ఉంది, దాన్ని తాకి ఉన్నా. ఆన్ ద బిల్డింగ్. ‘చౌరస్తా కాడ’ అంటే? లోపలా అని అడగరు, పైనా అని అడగరు. మ్యాప్‌లో పిన్ పెట్టినట్టు ఒక పాయింట్ చెప్తున్నాం. యాట్ ద క్రాస్‌రోడ్స్. మీరు వాట్సాప్‌లో లొకేషన్ షేర్ చేస్తే ఎర్ర పిన్ పడుతుంది చూడండి, ఆ పిన్ పేరు యాట్.

పుస్తకం తెలుగులో ‘స్టేషన్‌లో ఉన్నాను’ అని ఒకటే రాస్తాం. దాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చబోతే ‘లో’ అంటే ఇన్ కదా అని ‘ఇన్ ద స్టేషన్’ అనేస్తాం. కానీ ఇంట్లో మనం ఎట్లా మాట్లాడతాం? “స్టేషన్ కాడ ఉన్న, బండి తీస్కొని రా” అంటాం. ఆ ‘కాడ’ కరెక్టుగా యాట్. ‘ఐ యామ్ యాట్ ద స్టేషన్.’ వానొస్తే తడవకుండా లోపలికి పోయి కూర్చున్నారనుకోండి, అప్పుడు “స్టేషన్ల కూసున్న”, అది ‘ఇన్‌సైడ్ ద స్టేషన్’. ఆంధ్రా వైపు వాళ్ళు ‘దగ్గర’ అంటారు, అదీ ఇదే పని చేస్తుంది. చాలామంది ‘కాడ’ అంటే మోటు మాట అనుకుని దాచుకుంటారు. ఆ మోటు మాటే మీకు గ్రామర్ పుస్తకం కంటే బాగా దారి చూపిస్తుంది.

అందుకే రైలు ‘స్టాప్స్ యాట్ ఘన్‌పూర్’. రైలు దృష్టిలో ఘన్‌పూర్ ఒక పాయింట్, జనగామ దాటాక వచ్చే ఒక చుక్క. కానీ ‘ఐ లివ్ ఇన్ స్టేషన్ ఘన్‌పూర్’. నాకు అది చుక్క కాదు కదా, వీధులు, ఇళ్ళు, మనుషులు ఉన్న ఊరు. నేను దాని లోపల బతుకుతున్నా. ఊరు ఒకటే, చూసే చూపు మారింది. ప్రిపోజిషన్ వస్తువును బట్టి రాదు, మనం దాన్ని ఎట్లా చూస్తున్నామో దాన్ని బట్టి వస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, సగం డౌట్లు పోతాయి.

ఇంకోటి, స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? సికింద్రాబాద్ నుంచి గుంటూరు వెళ్ళే గోల్కొండ ఎక్స్‌ప్రెస్, కాజీపేట మీదుగా, ఒకటో నంబర్ ప్లాట్‌ఫామ్ మీదికి. ముందు తెలుగులో వస్తుంది, తర్వాత హిందీలో, ఇంగ్లీష్‌లో. ‘ఫ్రమ్ సికింద్రాబాద్ టు గుంటూరు, వయా కాజీపేట, ఆన్ ప్లాట్‌ఫామ్ నంబర్ వన్.’ నుంచి అంటే ఫ్రమ్. మీదుగా అంటే వయా. ప్లాట్‌ఫామ్ మీద అంటే ఆన్. ఫ్రీ క్లాస్ అది, మైకులో చెప్తున్నారు. ఈసారి రైలు లేటయితే విసుక్కోకుండా వినండి.

ఇప్పుడు అందరికీ ఉండే డౌట్. బస్సులో అంటే ‘ఆన్ ద బస్’, కార్లో అంటే ‘ఇన్ ద కార్’. ఎందుకన్నా? రెండిట్లోనూ లోపలే కూర్చుంటాం కదా!

ఒక చిన్న టెస్ట్ చెప్తా. లోపల నిలబడి నడవగలరా? బస్సులో నడుస్తారు, ట్రైన్‌లో నడుస్తారు, ఫ్లైట్‌లో నడుస్తారు. ఆన్ ద బస్, ఆన్ ద ట్రైన్, ఆన్ ద ఫ్లైట్. కారులో, ఆటోలో నడవలేం, ఒదిగి కూర్చుంటాం. ఇన్ ద కార్, ఇన్ యాన్ ఆటో. (షేర్ ఆటోలో పదిమంది ఉన్నా సరే, ఇన్ మాత్రమే!) బైక్, సైకిల్, గుర్రం, వీటి పైన కూర్చుంటాం కాబట్టి ఆన్. మన తెలుగులోనే చూడండి, బస్సు ‘ఎక్కుతాం’, బస్సు ‘దిగుతాం’. గెట్ ఆన్, గెట్ ఆఫ్. ‘ఇన్ ద బస్’ అంటే ఎవరికీ అర్థం కాకపోదు, అర్థమవుతుంది. కానీ వినేవాళ్ళకు అలవాటైన మాట ‘ఆన్’.

ఫోన్ సంగతి కూడా ఇంతే. స్క్రీన్ అనేది ఒక పైభాగం. ఆన్ ద స్క్రీన్. అందుకే ఆన్ యూట్యూబ్, ఆన్ వాట్సాప్, ఆన్ ఇన్‌స్టాగ్రామ్, ఆన్ మై ఫోన్. కానీ గ్రూప్‌కి ఒక హద్దు ఉంటుంది, లోపల ఉన్నవాళ్ళు, బయట ఉన్నవాళ్ళు అని. కాబట్టి ‘ఇన్ ద గ్రూప్’. ఫోటోకి ఫ్రేమ్ ఉంటుంది, ‘ఇన్ ద ఫోటో’. ‘ఐ సా యు ఇన్ ఏ ఫోటో ఆన్ ఇన్‌స్టాగ్రామ్.’ ఈ ఒక్క వాక్యం చాలు, రెండూ గుర్తుంటాయి.

ఇప్పుడు టైం. ఇక్కడ మన తెలుగు ఎంత హెల్ప్ చేస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది.

తెలంగాణ ఎప్పుడు వచ్చింది? 2014లో. ఏ రోజు? జూన్ 2న. ఆ రోజు ఆఫీసులో మీటింగ్ ఉందనుకుందాం, ఎన్నింటికి? 9 గంటలకు. తోకలు చూడండి: లో, న, కు. ఇంగ్లీష్‌లో: ఇన్ 2014, ఆన్ జూన్ 2, యాట్ 9. లో అంటే ఇన్, న అంటే ఆన్, కు అంటే యాట్. ఒకటికి ఒకటి సరిగ్గా సరిపోయాయి!

ఎందుకంటే రెండు భాషలూ టైంని ఒకేలా చూస్తున్నాయి. ఏడాది, నెల పెద్ద డబ్బాలు, వాటి లోపల రోజులుంటాయి. కాబట్టి లో, ఇన్. రోజు అనేది క్యాలెండర్ మీద ఒక గడి. కాబట్టి న, ఆన్. గంట అనేది గడియారంలో ఒక పాయింట్. కాబట్టి కు, యాట్. మీరు తేదీ పక్కన ‘న’ పెట్టాలనిపించినా, వారం పక్కన ‘నాడు’ పెట్టాలనిపించినా కళ్ళు మూసుకుని ఆన్ పెట్టేయండి. సోమవారం నాడు, ఆన్ మండే. దసరా నాడు, ఆన్ దసరా డే.

పొద్దున, సాయంత్రం వస్తే ఇన్: ఇన్ ద మార్నింగ్, ఇన్ ద ఈవినింగ్. కానీ దాని ముందు వారం పేరు చేరితే మళ్ళీ రోజు గెలుస్తుంది: ఆన్ మండే మార్నింగ్. రాత్రి ఒక్కటి ‘యాట్ నైట్’. దీనికి లాజిక్ వెతకొద్దు, ఇంటి పేరులా గుర్తుపెట్టుకోండి.

ఇక్కడిదాకా చెప్పినవి తప్పు పోయినా పెద్ద నష్టం లేదు. ఎదుటి మనిషి అర్థం చేసుకుంటాడు. ఇప్పుడు చెప్పేవి అట్లా కాదు, ఇక్కడ ప్రిపోజిషన్ మారితే అర్థం మారిపోతుంది. ఉద్యోగాలు చేసేవాళ్ళు, చేయబోయేవాళ్ళు జాగ్రత్తగా వినండి.

బై, అన్‌టిల్. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక ఫ్రెషర్ ఉండేవాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కోడింగ్‌లో మాత్రం మా అందరికంటే స్పీడ్. ఒకరోజు ఒక బగ్ గురించి క్లయింట్‌కి మెయిల్ పెట్టాడు, ‘ద ఫిక్స్ విల్ బి అవైలబుల్ అన్‌టిల్ ఫ్రైడే’ అని. వాడి ఉద్దేశం శుక్రవారంలోపు ఫిక్స్ ఇచ్చేస్తాం అని. క్లయింట్‌కి అర్థమైంది ఏంటంటే శుక్రవారం దాకానే ఫిక్స్ ఉంటుంది, తర్వాత తీసేస్తారు అని. అటు నుంచి కాల్ వచ్చింది, ఇదేం పద్ధతి అని. రెండు నిమిషాల్లో సర్దుకునే విషయమే. కానీ మేనేజర్ ఆ మెయిల్‌ని అందరి ముందు చదివి నవ్వాడు. పక్కవాళ్ళూ నవ్వారు. ఆ తర్వాత ఆ తమ్ముడు కాల్స్‌లో మ్యూట్ తీయడం మానేశాడు. వాడు చేసిన పనిని వేరేవాళ్ళు ప్రెజెంట్ చేసేవాళ్ళు, పేరు వాళ్ళకే వచ్చేది. ఒక్క చిన్న మాట, నాలుగు నెలల మౌనం. నాకు ప్రిపోజిషన్స్ గురించి మాట్లాడాలనిపించింది అందుకే.

ఇక్కడ బాధ కలిగించే సంగతి ఏంటో తెలుసా? ఈ తేడా వాడికి తెలుగులో బ్రహ్మాండంగా తెలుసు. ‘శుక్రవారంలోపు ఇస్తా’, ‘శుక్రవారం దాకా ఉంటా’. ఈ రెండూ ఎవరైనా కలిపేస్తారా? చదువు రాని మా నాయనమ్మ కూడా కలపదు. “పొద్దూకే లోపు రా” అంటే ఒకటి, “పొద్దూకే దాకా ఉండు” అంటే ఇంకోటి.

లోపు అంటే బై. దాకా, వరకు అంటే అన్‌టిల్, లేదా టిల్. అంతే! ‘ఐ విల్ సెండ్ ఇట్ బై ఫ్రైడే’, శుక్రవారంలోపు పంపిస్తా. ‘ఐ విల్ బి ఆన్ లీవ్ అన్‌టిల్ ఫ్రైడే’, శుక్రవారం దాకా లీవ్‌లో ఉంటా. మెయిల్ రాసే ముందు మనసులో తెలుగులో అనుకోండి. లోపు వస్తే బై కొట్టండి, దాకా వస్తే అన్‌టిల్ కొట్టండి.

దీని తమ్ముడే ‘ఇన్ టూ అవర్స్’, ‘వితిన్ టూ అవర్స్’. ‘ఇన్ టూ అవర్స్’ అంటే ఇప్పటి నుంచి రెండు గంటలు గడిచాక. ‘వితిన్ టూ అవర్స్’ అంటే రెండు గంటల్లోపు, ఎప్పుడైనా. మళ్ళీ లోపు! తేదీ ముందు అయితే బై, ఎన్ని గంటలు, ఎన్ని రోజులు అని లెక్క ముందు అయితే వితిన్.

రెండోది, సిన్స్, ఫర్. ఇంటర్వ్యూలో మొదటి నిమిషంలోనే వచ్చేది ఇది. ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్.’ ఎందుకు అంటాం? తెలుగులో ‘రెండేళ్ళ నుంచి చేస్తున్నా’, ‘2023 నుంచి చేస్తున్నా’, రెండిటికీ ‘నుంచి’ ఒకటే. ఇక్కడ తెలుగు మనకు హెల్ప్ చేయదు. కాబట్టి ఒక ప్రశ్న వేసుకోండి: నుంచి ముందు ఉన్నది క్యాలెండర్‌లో దొరుకుతుందా, వేళ్ళ మీద లెక్కపెట్టేదా? 2023, జూన్, సోమవారం, ఇవి క్యాలెండర్‌లో దొరుకుతాయి: సిన్స్. రెండేళ్ళు, మూడు నెలలు, పది రోజులు, ఇవి లెక్క: ఫర్. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2023.’ ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్.’

మూడోది, అంకెల దగ్గర బై, టు. 14 వేల ఫోన్ ఉంది. ‘రేటు 2 వేలు తగ్గింది.’ ‘రేటు 12 వేలకు తగ్గింది.’ రెండూ ఒకటే విషయం, చెప్పే తీరు వేరు. తోక లేకపోతే ఎంత తగ్గిందో చెప్తున్నాం: ‘రెడ్యూస్డ్ బై 2,000’. ‘కు’ వస్తే ఎక్కడికి దిగిందో చెప్తున్నాం: ‘రెడ్యూస్డ్ టు 12,000’. ఇవి తారుమారైతే? ‘రెడ్యూస్డ్ బై 12,000’ అంటే ఆ ఫోన్ 2 వేలకే వస్తుందన్నమాట. షాపు ముందు క్యూ కడతారు! నవ్వొస్తుంది గానీ, జీతం మాట్లాడేటప్పుడు, రిపోర్ట్ రాసేటప్పుడు ఇదే తేడా కొంప ముంచుతుంది.

ఇప్పుడు ‘కి’ సంగతి. ఇది మనకున్న పెద్ద ఆల్‌రౌండర్. హైదరాబాద్‌కి, ఇంటర్వ్యూకి, ఫ్రెండ్‌కి, 9 గంటలకి, అన్నిటికీ అదే. ఇంగ్లీష్‌లో అది టు అవుతుందా, ఫర్ అవుతుందా అని తెలియక ఆగిపోతాం. టెస్ట్ చాలా సింపుల్. ‘కి’ తీసేసి ‘కోసం’ పెట్టి చూడండి. అర్థం చెడకపోతే ఫర్. చెడిపోతే టు.

ఫ్రెండ్‌కి గిఫ్ట్ కొన్నా. ఫ్రెండ్ కోసం కొన్నా, బాగానే ఉంది: ‘ఫర్ మై ఫ్రెండ్’. ఫ్రెండ్‌కి గిఫ్ట్ ఇచ్చా. ఫ్రెండ్ కోసం ఇచ్చా అంటే వేరే ఎవరికో ఇచ్చినట్టు అయింది, అర్థం మారింది: ‘టు మై ఫ్రెండ్’. ఉద్యోగానికి అప్లై చేశా, ఉద్యోగం కోసం చేశా: ‘అప్లైడ్ ఫర్ ద జాబ్’. కంపెనీకి అప్లై చేశా, కంపెనీ కోసం అంటే కుదరదు: ‘అప్లైడ్ టు ద కంపెనీ’. ఇంటర్వ్యూకి వచ్చా, ఇంటర్వ్యూ కోసం వచ్చా: ‘ఫర్ ద ఇంటర్వ్యూ’. రోజూ ఐదు వాక్యాలు ఇట్లా మార్చి చూడండి, వారంలో నాలుకకి అలవాటైపోతుంది.

ఒక్క జాగ్రత్త. ‘ఇంటికి వెళ్తున్నా’ అనే దాంట్లో కి ఉంది గానీ ఇంగ్లీష్‌లో ఏమీ ఉండదు: ‘గోయింగ్ హోమ్’. ‘నాకు జ్వరం వచ్చింది’లో కూడా కు ఉంది, ఇంగ్లీష్‌లో అది ‘ఐ’ అయిపోతుంది: ‘ఐ హావ్ ఏ ఫీవర్’.

ఇక తెలుగు దారి చూపించని చోట్లు కొన్ని ఉన్నాయి, అవి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ‘మీద’ తీసుకోండి. నా మీద కోపం, క్రికెట్ మీద ఇంట్రెస్ట్, నీ మీద నమ్మకం, నీ మీద ఆధారపడ్డా. తెలుగులో నాలుగూ మీదే. ఇంగ్లీష్‌లో: యాంగ్రీ విత్ మి, ఇంట్రెస్టెడ్ ఇన్ క్రికెట్, ఫెయిత్ ఇన్ యు, డిపెండ్ ఆన్ యు. నాలుగింట్లో ఒక్కదానికే ఆన్. ‘తో’ కూడా ఇంతే. కత్తితో కోశా అంటే విత్, కానీ జ్వరంతో బాధపడుతున్నాడు అంటే ‘సఫరింగ్ ఫ్రమ్’, చెక్కతో చేసింది అంటే ‘మేడ్ ఆఫ్’, ఆమెతో పెళ్ళయింది అంటే ‘మ్యారీడ్ టు’.

వీటికి టెస్టులు లేవు. ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళకు చెప్తా. ఒక ఫంక్షన్‌ని పిలవాలంటే దాని పారామీటర్లు ఏంటో చూసి పిలుస్తాం కదా, ఎందుకు అని అడగం, డాక్యుమెంటేషన్ ఎట్లా ఉంటే అట్లా. ‘లిజన్’ అనే మాటకు ‘టు’ కావాలి, ‘వెయిట్’కి ‘ఫర్’ కావాలి, ‘డిపెండ్’కి ‘ఆన్’ కావాలి, ‘గుడ్’కి ‘యాట్’ కావాలి, ‘రెస్పాన్సిబుల్’కి ‘ఫర్’ కావాలి. కాబట్టి కొత్త క్రియ నేర్చుకుంటే ఒంటరిగా నేర్చుకోవద్దు. ‘డిపెండ్’ అని రాసుకోవద్దు, ‘డిపెండ్ ఆన్’ అని రాసుకోండి. నోట్స్ యాప్‌లో జంటగా పెట్టుకోండి.

కొన్నిటికి అసలు పారామీటరే ఉండదు. మనం అలవాటులో పెట్టేస్తాం. ‘ప్రాజెక్ట్ గురించి చర్చించాం’ అంటాం కదా, ఆ ‘గురించి’ని మోసుకొచ్చి ‘డిస్కస్డ్ అబౌట్ ద ప్రాజెక్ట్’ అంటాం. ‘డిస్కస్’లోనే ఆ ‘గురించి’ ఉంది. ‘వి డిస్కస్డ్ ద ప్రాజెక్ట్’ చాలు. కానీ నామవాచకం చేస్తే మాత్రం కావాలి: ‘వి హ్యాడ్ ఏ డిస్కషన్ అబౌట్ ద ప్రాజెక్ట్’. ఇట్లాంటివే: రీచ్డ్ హైదరాబాద్, ఎంటర్డ్ ద రూమ్, ఆన్సర్డ్ ద క్వశ్చన్, కాల్డ్ హిమ్. వీటి వెనక టు గానీ ఇన్‌టు గానీ అక్కర్లేదు. అదే ‘అరైవ్’ అయితే కావాలి: అరైవ్డ్ యాట్ ద స్టేషన్, అరైవ్డ్ ఇన్ హైదరాబాద్. స్టేషన్ చుక్క, హైదరాబాద్ మహానగరం. చూశారా, మళ్ళీ మొదటి పాఠమే పనికొచ్చింది.

ప్రశ్నల్లో ఒక చిన్న సంగతి. ‘దేని కోసం ఆగుతున్నావ్?’ ‘వాట్ ఆర్ యు వెయిటింగ్ ఫర్?’ ఇక్కడ ఇంగ్లీష్ వాడి కొమ్ము కూడా తోక అయిపోయింది, చివరికి వచ్చి కూర్చుంది. మనం దాన్ని మర్చిపోయి ‘వాట్ ఆర్ యు వెయిటింగ్?’ అంటాం. ‘వాట్ ఆర్ యు లుకింగ్ యాట్?’ ‘హూ ఆర్ యు టాకింగ్ టు?’ ‘వేర్ ఆర్ యు ఫ్రమ్?’ చివర ప్రిపోజిషన్ వస్తే తప్పు అని పాత రూల్ ఎక్కడైనా చదివి ఉంటే మర్చిపోండి. ఇంగ్లీష్ వాళ్ళు రోజూ ఇట్లాగే మాట్లాడతారు.

అసలు వాళ్ళలో వాళ్ళకే కుదరదు. వారాంతంలో అనడానికి బ్రిటిష్ వాళ్ళు ‘యాట్ ద వీకెండ్’ అంటారు, అమెరికన్లు ‘ఆన్ ద వీకెండ్’ అంటారు. టీమ్‌లో ఉన్నా అనడానికి అక్కడ ‘ఇన్ ద టీమ్’, ఇక్కడ ‘ఆన్ ద టీమ్’. ఒకరినొకరు చూసి నవ్వుకుని కాల్స్ మానేస్తున్నారా? లేదు కదా. వాళ్ళకు మన తోకలూ తేలిక కాదు. సి.పి. బ్రౌన్ మన దగ్గరికొచ్చి తెలుగు నేర్చుకుని, 1840లో తెలుగు గ్రామర్ పుస్తకం వేశాడు, తర్వాత నిఘంటువు కూడా వేశాడు. ఒక భాష వాడు ఇంకో భాషలోకి వెళ్ళాలంటే ఇంత పని ఉంటుంది, ఎటు నుంచి ఎటు వెళ్ళినా.

ఇంట్లో స్కూలుకెళ్ళే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నవాళ్ళకు ఒక పని చెప్తా. 2022-23 నుంచి మన తెలంగాణ సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లీష్ మీడియం పెట్టారు. అప్పుడు పుస్తకాలు రెండు భాషల్లో వేశారు, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీష్. ఆ పుస్తకం దొరికితే ఒక పేరా తీసుకోండి. తెలుగు పేజీలో తోకలకు పెన్సిల్‌తో గుండ్రం చుట్టండి: లో, కి, తో, మీద, నుంచి, దాకా. ఇంగ్లీష్ పేజీలో వాటి జంట ఏదో వెతికి గుండ్రం చుట్టండి. ఎక్కడ ఒకటికి ఒకటి కుదిరింది, ఎక్కడ కుదరలేదు, ఎక్కడ అసలు మాయమైంది, చూడండి. రోజుకు ఒక్క పేరా. పిల్లలకూ వస్తుంది, మీకూ వస్తుంది. నెట్ డేటా కూడా ఖర్చు కాదు.

ఇక ఏది ముందు నేర్చుకోవాలి అంటే, నా వరకు వరుస ఇది. మొదట అర్థం మార్చేసేవి: బై, అన్‌టిల్, వితిన్, అంకెల దగ్గర బై, టు. వీటిలో తప్పు పోకుండా చూసుకోండి. తర్వాత ఇంటర్వ్యూలో పదేపదే వచ్చేవి: సిన్స్, ఫర్, అప్లై ఫర్, ఇంట్రెస్టెడ్ ఇన్, గుడ్ యాట్, రెస్పాన్సిబుల్ ఫర్. ఆ తర్వాతే బస్సు, కారు గొడవ. ‘ఇన్ ద బస్’ అన్నారని ఎవరి ఉద్యోగమూ పోలేదు, పోదు.

చివరిగా ఒక్క మాట, రెండు వైపుల వాళ్ళకూ. ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళకు: పక్కవాడు ‘డిస్కస్ అబౌట్’ అంటే నవ్వకండి. మీటింగ్ అయ్యాక పక్కకు పిలిచి చెప్పండి, పది సెకన్ల పని. నేర్చుకుంటున్నవాళ్ళకు: ప్రిపోజిషన్ దొరకలేదని వాక్యం మధ్యలో ఆపేయకండి. ఏదో ఒకటి పెట్టి ముందుకు వెళ్ళండి. మన రైలు ఘన్‌పూర్‌లో ఆగేది కాసేపే, సరైన బోగీ దొరికేదాకా ప్లాట్‌ఫామ్ మీద వెతుకుతూ నిలబడితే బండి వెళ్ళిపోతుంది. ముందు ఎక్కండి. సీటు లోపలికెళ్ళాక వెతుక్కోవచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో ‘లుక్ ఆఫ్టర్, లుక్ ఫర్, లుక్ ఇన్‌టు’ లాంటి ఫ్రేజల్ వెర్బ్స్ చూద్దాం. అంతదాకా మీ ఇంట్లో మాట్లాడే మాటలు కొంచెం చెవి పెట్టి వినండి. ఎవరైనా “కాడ” అంటే మనసులో ‘యాట్’ అనుకోండి. ఉంటా మరి, నమస్తే.